దిగని బొంబాయి

హైదరాబాదు నుంచి బొంబాయికి విమానంలో ఎంతసేపు అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళకు పని ఉంటుంది, టికెట్టు కొనుక్కుంటారు, ఎక్కుతారు, దిగుతారు. దిగడం అనేది కూడా ఒకటి ఉంటుందని వాళ్ళకు తోచదు, తోచాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు. మా ఇంట్లో ఆ లెక్క ఒక ఎండాకాలం చివరి నుంచి వానలు మొదలయ్యేదాకా పొద్దున, సాయంత్రం వినపడింది. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

లెక్క కట్టింది బాపు. మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు నాందేడులో జిల్లా పరిషత్తు బడిలో పంతులు, మరాఠీలో భూగోళం చెప్పేవాడు. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, బడిలో మరాఠీ. మా గల్లీలో అందరి బతుకూ అదే, మూడు నాలుకల బతుకు. బాపు నెమ్మదైన మనిషి గాని లోపల మహా మొండి. పటం మీద ఏది ఎలా ఉందో భూమి మీదా అలాగే ఉంటుందని ఆయన నమ్మకం. భూమి ఎక్కడైనా తేడాగా కనిపిస్తే భూమి మీదే విసుక్కునేవాడు.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. అప్పటికి దానికి పంతొమ్మిది. మరాఠీ బడిలో చదివిన నాకు తెలుగు అక్షరాలు నేర్పింది అదే. ఒత్తు తప్పితే నెత్తిన మొట్టేది. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆ మొట్టికాయల పుణ్యమే. చిన్నప్పుడు దానికి కీళ్ళజ్వరం వచ్చింది. మోకాళ్ళు, మణికట్లు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి. కాపడం పెట్టారు, ఆకులు కట్టారు, తగ్గింది, అందరం మరిచిపోయాం. జ్వరం పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయిందని మాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

ముందు బిందె ఎత్తితే ఆయాసం వచ్చేది. తర్వాత మెట్టు ఎక్కితే వచ్చేది. చివరికి పడుకుంటే ఊపిరాడక గోడకు చేరగిలబడి కూర్చునే నిద్రపోయేది. విచిత్రం ఏమిటంటే దాని బుగ్గలు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. అది కూడా ఆ రోగ లక్షణమేనట. గల్లీ ఆడవాళ్ళకు అది తెలియదు. "ఏం కళ అచ్చిందే నీ బిడ్డకు!" అని అవ్వతో అనేవారు.

"కళ గాదు అత్తా, రోగం. కావాల్నంటే సగం దీస్కపో," అనేది అక్క. దాని నోటికి గల్లీలో జవాబు లేదు.

నాందేడులో మమ్మల్ని చూసిన డాక్టరు బొంబాయిలో చదివి వచ్చినవాడు. గుండెలో దారి ముడుచుకుపోయింది, ఆపరేషన్ చేసి వెడల్పు చేయాలి, తనకు చదువు చెప్పిన పెద్ద డాక్టరు బొంబాయిలో చేస్తారు, ఆ దవాఖానలో మంచం ఇప్పిస్తాను అన్నాడు. ఆలస్యం చేయొద్దు అని రెండుసార్లు చెప్పాడు. రక్తం ఇంటివాళ్ళే ఇవ్వాలన్నాడు. అందరిదీ పరీక్ష చేస్తే నాదొక్కటే అక్క రక్తంతో కలిసింది. ఆ రోజు నేను గల్లీలో తల ఎత్తుకుని నడిచాను. "ఇన్నేళ్ళు తిన్న తిండికి ఒక్క పని చేస్తున్నవు," అంది అక్క.

బొంబాయే ఎందుకంటే, అది మా నాందేడువాళ్ళకే అర్థమయ్యే సంగతి. తాత కాలంలో పెద్ద రోగం వస్తే హైదరాబాదే. కోర్టుకు హైదరాబాదు, దవాఖానకు హైదరాబాదు, మంచి చీరకు హైదరాబాదు. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని ఇటువైపు వేశారు. అప్పటి నుంచి మా కాగితాలన్నీ బొంబాయికి నడవడం మొదలుపెట్టాయి, కాగితాల వెనక మనుషులు. బాపు సర్కారు నౌకరు. వైద్యం ఖర్చుకు సర్కారు మంజూరు ఇచ్చింది బొంబాయి దవాఖానకే. హైదరాబాదు దగ్గరే గాని పరాయి రాష్ట్రం. ఇందులో వింత ఉందని మా ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

రైలులో పోవాలంటే చిన్నలైను బండి ఎక్కి మన్మాడు దాకా పోవాలి. అక్కడ దిగి, వంతెన మెట్లు ఎక్కి దిగి, ఆ తోపులాటలో పెద్దలైను బండి పట్టుకోవాలి. బాపు భయమంతా ఆ మెట్ల మీదే. "మన్మాడు పుల్లు ఎక్కుతదా పోరి?" అని అవ్వను అడిగేవాడు, అవ్వ చెప్పగలిగినట్టు. ఔరంగాబాదు నుంచి విమానం ఉంది గాని దగ్గరలో సీట్లు లేవన్నారు. ఇక మిగిలింది హైదరాబాదు విమానం.

అప్పుడే బాపు బడి నుంచి పటం చుట్టి తెచ్చాడు. ఇంట్లో తాత మగ్గం నాటి నూలుదారం ఇంకా ఉండేది. హైదరాబాదు మీద దారం కొస పెట్టి నన్ను వేలితో నొక్కి పట్టుకోమన్నాడు. రెండో కొస బొంబాయి దాకా బిగించి లాగాడు. తర్వాత దాన్ని పటం అడుగున ఉన్న కొలత మీద పరిచి, పెదవులు కదుపుతూ విమానం వేగంతో భాగించాడు.

"సవ్వాగంట," అన్నాడు. గంటా పావు అనడానికి మా మాట అది.

"గంతేనా?" అంది అవ్వ. "ఇంటిల్లిపాదికి జొన్నరొట్టెలు జేసేటంత సేపట్ల బొంబైయా?"

"నువ్వు జేస్తే బొంబై అస్తది. చెల్లె జేస్తే ఇమానం లండన్ దాటిపోతది," అంది అక్క.

ఆ రోజు నుంచి సవ్వాగంట మా ఇంటి మంత్రమైంది. బాపు బడిలో చెప్పాడు, మోండా బజారులో గింజలు కొంటూ అడతి సేటుకు చెప్పాడు, క్షవరం చేయించుకుంటూ మంగలికి చెప్పాడు. గల్లీవాళ్ళు మా గడప దాటుతూ "ఏం పంతులూ, సవ్వాగంటకు ఎప్పుడు పోతున్నరు?" అని ఆట పట్టించేవారు. బాపు కోపగించుకోలేదు. అక్కకు ఆయాసం ఎక్కువైన సాయంత్రాల్లో ఆయన దాని పక్కన కూర్చుని ఏమీ తోచక అదే చెప్పేవాడు. "సవ్వాగంట బిడ్డా. గంతే." అక్క తల ఊపేది. దానికి మాట్లాడే ఊపిరి లేనప్పుడు ఎదుటివాళ్ళను మాట్లాడనిచ్చేది, అది దాని స్వభావానికి ఎంత కష్టమో నాకు తెలుసు.

బొంబాయి మాకు పడమర. విమానం కోసం ముందు ఒక పగలంతా రైల్లో దానికి వీపు పెట్టి పోవాలి. దారం హైదరాబాదు నుంచి మొదలైంది గాని మేము నాందేడు నుంచి మొదలవ్వాలి. ఈ సంగతి ఎవరమూ పైకి అనలేదు. అవ్వకు వేరే బాధ పట్టుకుంది. టికెట్లు దొరికింది ఆదివారానికి. ఆదివారం పడమరకు వారశూల, ప్రయాణం కూడదు. ముందురోజు శనివారం తూర్పుకూ శూలే గాని, హైదరాబాదు దక్షిణమని దాన్ని సర్దేసుకుంది. రెండు రోజులు మథనపడి అవ్వే దారి కనిపెట్టింది. "శూల నేల మీద నడిచేటోళ్ళకు. ఆకాశంల దిక్కులెక్కడియి?" బాపు పటం మనిషై ఉండి కూడా సరేనన్నాడు.

మంచం చేతికి రావాలంటే ఎవరో ఒకరు ముందుగా పోయి అక్కడ కూర్చోవాలి. అందుకని బాపు మాకంటే ముందే మన్మాడు మీదుగా రైలులో పోయాడు. పోయేముందు అక్క నెత్తిన చెయ్యి పెట్టి, "ఇమానం దిగేకాడ నేనే నిలబడి ఉంట. నువ్వేం ఫికర్ జెయ్యకు," అన్నాడు.

శనివారం పొద్దున అవ్వ, అక్క, నేను హైదరాబాదు బండి ఎక్కాం. అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాం. ఉమ్రి దాటేదాకా బాగానే ఉంది. పొలాలు దున్ని ఉన్నాయి, వాన ఇంకా సరిగా పడలేదు. ధర్మాబాదులో మిరపకాయ బస్తాలు ఎక్కించారు. ఆ ఘాటుకు పెట్టెలో అందరూ తుమ్మారు, అక్క మాత్రం దగ్గింది. దగ్గు ఆగలేదు. ఒక రైతు లేచి తన చోటు కూడా ఇచ్చి, "కాళ్ళు సాపుకో బిడ్డా," అన్నాడు. కాళ్ళు చాపితే దానికి ఊపిరి ఆడదు. "వద్దు కాకా, నేను కూసునే రకం," అంది, దగ్గు మధ్యలో.

రాత్రికి హైదరాబాదులో అవ్వ తమ్ముడి ఇంట్లో ఆగాం. మామ అక్కను చూసి బిత్తరపోయాడు. అవ్వను పక్కకు పిలిచి అడిగాడు గాని ఆ ఇల్లెంత, మాకందరికీ వినపడింది.

"అక్కా, గిక్కడ పెద్ద దవాఖాన్లు లేవా? గీ పోరిని పట్టుకొని గంత దూరం తిరుగుడేంది?"

"దూరమేంది తమ్మీ, సవ్వాగంట," అంది అవ్వ. "బావ ఆడ మంచం పట్టుకొని కూసున్నడు. సర్కారు కాగితం బొంబైకే ఉన్నది."

బావ చదువుకున్నవాడు, కాగితం సర్కారుది. ఆ రెంటి ముందు నోరెత్తే ధైర్యం మా చుట్టాల్లో ఎవరికీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం మామ మమ్మల్ని టాక్సీలో బేగంపేట విమానాశ్రయంలో దింపి పోయాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. అక్కను చక్రాల కుర్చీలో విమానం దాకా తీసుకుపోయి, ఇద్దరు మనుషులు నిచ్చెన మెట్ల మీద కుర్చీతో సహా ఎత్తారు. "పెండ్లిపిల్ల లెక్క మోస్తున్నరు, జర మెల్లగ," అంది అక్క. కిటికీ దగ్గర అక్క, మధ్యలో అవ్వ, ఈ కొసన నేను. ఒక అమ్మాయి పళ్ళెంలో చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చింది. అవ్వ నాలుగు చాక్లెట్లు తీసి కొంగున ముడి వేసింది. ఆ అమ్మాయి నవ్వితే, "వాళ్ళ బాపుకు," అని చెప్పింది.

విమానం లేచింది. కడుపులో పేగులు కింద ఉండిపోయినట్టయింది. అవ్వ కళ్ళు తెరిచి కిటికీ వైపు ఒక్కసారి చూసి, చటుక్కున వంగి దాని తెర కిందికి లాగేసింది. అక్క గొడవ పెట్టుకుంది.

"ఆకాశంలకు తెచ్చి ఆకాశం సూడనియ్యవా?"

"కిందికి సూస్తే గుండె జారుతది. నీ గుండె అసలే మంచిగ లేదు. గమ్మున కూసో."

ఆ తెర మళ్ళీ తీయలేదు. కొంతసేపు అంతా బాగుంది. టీ ఇచ్చారు. అవ్వ వేళ్ళ మీద రొట్టెల లెక్క వేసుకుంటోందని నాకు తెలుసు, ఆమె పెదవులు కదులుతున్నాయి. తర్వాత విమానం ఊగడం మొదలుపెట్టింది. గతుకుల బాటలో ఎడ్లబండి ఊగినట్టు ఊగింది, ఒక్కోసారి ఉన్నట్టుండి కిందికి పడిపోయింది. నాకు తల తిరిగింది. ముందు పెట్టిన కాగితం సంచిలో తల పెట్టాను, అక్కడే ఉండిపోయాను. చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. ఎవరో ఏదో చెబుతున్నారు, పైనుంచి, ఇంగ్లీషులో, హిందీలో. నాకు మోత తప్ప మాట తెలియలేదు. విమానం ఒక పక్కకు ఒరిగి తిరుగుతూనే ఉంది. అక్క ఆయాసం నాకు వినపడలేదు గాని అవ్వ మోచేయి నుంచి తెలిసింది. అవ్వ చెవుల్లో దూదితో, దాని రొమ్ము మీద అరచేయి పెట్టి రాస్తోంది. నేను ఒకసారి తల ఎత్తి చూస్తే అక్క కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, మెడ నరాలు బిగదీసి ఊపిరి కోసం పోరాడుతోంది. దాని బుగ్గల ఎరుపు పోయింది. నాకు మళ్ళీ వాంతి వచ్చింది.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. సవ్వాగంట అయితే ఎప్పుడో దాటింది. చివరికి చక్రాలు నేలకు కొట్టుకున్నాయి. అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"బొంబై అచ్చినం బిడ్డా. అయిపోయింది. ఇగ బాపు ఉన్నడు."

బయట సాయంత్రమైంది, సన్నగా వాన పడుతోంది. అందరూ దిగిపోయాక మెట్ల కిందికి అక్కను ఎవరో ఎత్తి దించారు. కుర్చీ ఇంకా రాలేదు. సామాను మోసే మనిషి ఒకడు కనపడితే అవ్వ బొంబాయి మర్యాద ప్రకారం మరాఠీలో అడిగింది. "భావూ, జరా ఖుర్చీ ఆణా నా. పోరీలా దమ్ లాగ్‌లాయ్." అన్నా, కుర్చీ తెండి, పిల్లకు ఆయాసంగా ఉంది అని.

"తెస్తున్నరమ్మా, జర ఆగున్రి. వానల నిలవడకున్రి," అన్నాడు వాడు తెలుగులో.

అవ్వ మొహం వెలిగిపోయింది. "సూస్తివా? బొంబైల గూడ మనోళ్ళే! ఏ ఊరు బిడ్డా మీది?"

"మెదక్ దిక్కమ్మా."

వేరే ఊరివాళ్ళయితే అక్కడే అనుమానించేవారు. మా నాందేడువాళ్ళకు మాటను బట్టి ఊరు తెలియదు. మా స్టేషనులో హమాలీ ఒక మాట మరాఠీలో, ఒక మాట దక్కనీలో, తిట్టు తెలుగులో తిడతాడు. పైగా మెదక్, నిజామాబాదు పల్లెల నుంచి బొంబాయికి కూలికి పోనివాడు ఎవడు? అవ్వకు అనుమానం రాకపోగా ధైర్యం వచ్చింది. పరాయి ఊళ్ళో మొదటి మనిషే మన మనిషి అయ్యాడని సంబరపడింది.

నేను తల ఎత్తి చూశాను. ఎదురుగా వరండా. మధ్యాహ్నం మామ మా సంచులు ఆనించి పెట్టిన స్తంభం. దాని పైన హైదరాబాదు అని రాసి ఉంది. అవ్వకు చెప్పబోయి నోరు తెరిచాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"అచ్చినం అవ్వా," అంది అవ్వతో. "బొంబై అచ్చినం."

అక్కకు ముందే తెలుసు. విమానంలో చెప్పిన మాటలు అది విన్నది. బొంబాయిలో వాన జోరుగా ఉంది, దిగడానికి వీల్లేదు, వెనక్కి పోతున్నాం అన్నది విన్నది. విని, ఆ ఊపిరాడని గుండెతో, వచ్చిన దారంతా ఒక్కతే మోసుకుని వచ్చింది.

కుర్చీ వచ్చింది. లోపలికి పోయాం. అవ్వ బాపు కోసం వెతకడం మొదలుపెట్టింది. కటకటాల అవతల నిలబడ్డ ప్రతి మొహాన్నీ చూసింది. పొట్టిగా ఉన్న ఒకాయన వెనక నుంచి బాపులా కనిపిస్తే "ఏమండి" అని భుజం తట్టబోయి ఆగింది. "ఏడి? నిలబడి ఉంట అన్నడు గద. వానకు ఆగినట్టున్నడు. అస్తడు," అని మాకు చెప్పింది. చెబుతూ నవ్వుతోంది. అక్క కుర్చీలో నుంచి ఆ నవ్వునే చూస్తోంది. ఆ కొద్దిసేపు నేను పడ్డ నరకం ఇంకెప్పుడూ పడలేదు.

విమానం కంపెనీ మనిషి ఒకాయన వచ్చి దక్కనీలో మర్యాదగా చెప్పాడు. ఇది హైదరాబాదమ్మా, విమానం తిరిగొచ్చింది, రేపు పొద్దున మళ్ళీ పోతుంది అని. అవ్వ ముందు నవ్వింది, తప్పు మనిషికి చెబుతున్నావన్నట్టు. తర్వాత నా మొహం చూసింది. నిలబడ్డచోటే నేల మీద కూర్చుండిపోయింది. కొంగు ముడి విప్పి, మళ్ళీ వేసి, మళ్ళీ విప్పింది.

అక్క పెదవులు నీలం తిరుగుతున్నాయని ముందు చూసింది ఆ కంపెనీ మనిషే. ఆయనే టాక్సీ పిలిచి మమ్మల్ని సర్కారు దవాఖానకు పంపాడు. బొంబాయిలో మా మనిషి ఎదురుచూస్తున్నాడని చెబితే కబురు అందిస్తానన్నాడు. ఇవ్వాళ్టికీ ఆయనకు దండం పెట్టుకుంటాను.

దవాఖానలో వెంటనే తీసుకున్నారు. ప్రాణవాయువు పెట్టారు, సూదులు ఇచ్చారు. ఆ డాక్టరు కుర్రవాడు, ఆంధ్ర వైపు మాట. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగాడు.

"నాందేడ్ సారూ. బొంబై పోయి అచ్చినం."

"బొంబాయిలో ఏం చెప్పారు?"

"ఏం జెప్పలే సారూ. పోయినం గని, దిగలే."

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను. వింటూ వింటూ ఆయన చేతిలో కాగితాల వైపు చూశాడు. "ఈ ఆపరేషను ఇక్కడా చేస్తున్నామమ్మా," అన్నాడు. "నిన్న వచ్చి ఉంటే..." అని ఆగిపోయాడు. చెప్పదలచుకుంటే పూర్తిగా చెప్పాలి, లేకపోతే అసలు అనకూడదు. ఆ సగం మాట మీద నాకు ఇన్నేళ్ళకూ కోపం చల్లారలేదు. ఆయన మంచివాడు, ఆ రాత్రంతా అక్క మంచం విడిచి పోలేదు. కోపానికి అవన్నీ పట్టవు. నా రక్తం తీసుకోండి, కలుస్తుంది అని రెండుసార్లు చెప్పాను. ఇప్పుడు రక్తం పని కాదమ్మా అన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు నిండిందట.

తెల్లవారాక అక్క కొంచెం తేరుకుంది. అవ్వ మొహం కడుక్కోవడానికి పోయింది. అక్క ముక్కు మీది గొట్టం పక్కకు జరిపి నాతో మాట్లాడింది.

"నిన్న అవ్వ ఎట్ల నవ్వింది, సూసినవా?"

"నాకెందుకు చెప్పలే నువ్వు?"

"నీకు చెప్తే ఏడుస్తవు. నువ్వు ఏడిస్తే అవ్వకు తెలుస్తది. జరసేపన్న ఖుషీగ ఉండనీ అనుకున్న." కొంచెం ఆగి, "బాపు ఒక్కడే ఉన్నడు ఆడ. తిన్నడో లేదో," అంది.

మధ్యాహ్నం కాకముందే పోయింది. అవ్వ ఒడిలో తల ఉంది, నా చేతిలో చెయ్యి ఉంది. చనిపోయిన మనిషి చేయి బరువుగా ఉంటుందంటారు. దానిది ఉండలేదు, ఎప్పటిలాగే ఉంది. అందుకే నేను చాలాసేపు వదలలేదు.

బాపు రెండో రోజు కూడా విమానం దగ్గర నిలబడ్డాడట. మేము దిగలేదు. అప్పుడు కంపెనీవాళ్ళు ఆయన్ను వెతికి, పిల్లకు బాగాలేదు, దవాఖానలో ఉంది అన్నంత వరకే చెప్పారు. ఆయన రైలు పట్టుకుని వచ్చాడు. కబురు తెలిసి అప్పటికే వచ్చి ఉన్న మామ దవాఖాన మెట్ల మీద ఎదురుపోయి పట్టుకున్నాడు. బాపు ఏడవలేదు. అక్కను చూసి, కాళ్ళ దగ్గర దుప్పటి సరిచేసి, "ఎట్ల పోదాం?" అని అడిగాడు మామను. ఆయన నోట ఆ రోజు విన్నది ఆ ఒక్క మాటే.

ఒక వ్యాను మాట్లాడుకుని నాందేడు తెచ్చుకున్నాం. దారంతా వాన. పెళ్ళికాని పిల్ల కాబట్టి దహనం చేయలేదు, మట్టి చేశారు. గల్లీ ఆడవాళ్ళందరూ వచ్చారు. ఎవరి నోటా కళ అన్న మాట రాలేదు.

తర్వాత మా ఇల్లు మాట తగ్గిన ఇల్లయింది. అవ్వ ఆదివారాన్ని తిట్టుకుంది, తనను తిట్టుకుంది, బాపును మాత్రం అనలేదు. నేను అన్నాను. పైకి కాదు, మనసులో, ఏళ్ళ తరబడి. ఆయన బడి మానలేదు, భూగోళం మానలేదు. అదే పటం గోడకు తగిలించి అదే కర్రతో ఊళ్ళు చూపిస్తున్నాడని తలుచుకుంటే నాకు పళ్ళు కొరకాలనిపించేది. నాకు పెళ్ళయింది, అదే ఊళ్ళో ఉన్నాను, పిల్లలు పుట్టారు. బాపుతో మాట్లాడేదాన్ని, అన్నం పెట్టేదాన్ని, ఆ మాట తప్ప అన్నీ మాట్లాడేదాన్ని.

ఆయన రిటైరైన రెండో ఏడు అనుకుంటాను, ఎండాకాలం. ఒక మధ్యాహ్నం మేడ మీద మిరపకాయలు ఎండబోశాం. అవ్వ కింద పడుకుంది. బాపు నేను చెప్పకుండానే పైకి వచ్చి, గొంతు కూర్చుని, కాయలు తిరగేస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"నేను ఇన్న ఆ రోజు."

ఏ రోజు అని నేను అడగలేదు.

"జల్ది అచ్చి నిలవడ్డ. వాన దంచుతుండె. మబ్బుల మీదికెల్లి మోత ఇనవడ్డది. పక్కనోళ్ళు హైదరాబాద్ ఇమానం అన్నరు, దిగుతలేదు అన్నరు. ఇటు పోయింది, అటు పోయింది, మళ్ళ అచ్చింది. సరీగ నా నెత్తి మీదికెల్లే పోయింది. పోరి నా నెత్తి మీదనే ఉన్నది అప్పుడు." చేతిలో కాయలు కింద పెట్టాడు. "ఎంత దూరముంటది? పటంల పొడుగుంటది, ఎడల్పుంటది. మీదికి ఉండదు. గా దూరం నాకు లెక్క కట్టరాలే."

నేను జరిగి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"మోత అచ్చినప్పుడల్ల చెయ్యి ఊపిన. వానల నిలవడి ఊపిన. జనం నవ్విన్రు. కనవడదని ఎరికే నాకు. అయినా ఊపిన." అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. అన్నేళ్ళలో మొదటిసారి అడిగాడు. "గప్పుడు అది ఏం జేస్తుండె?"

అవ్వ దించిన తెర నా కళ్ళ ముందుకు వచ్చింది. బిగుసుకున్న మెడ నరాలు, తెరిచిన నోరు వచ్చాయి.

"కిటికీలకెల్లి కిందికి సూస్తుండె బాపూ," అన్నాను. "ఊరు కనవడ్తుందన్నది."

ఆయన ఒక మిరపకాయ తీసి తిరగేసి పెట్టాడు.

"నేను కనవడ్డనా?"

"కనవడ్డవు," అన్నాను.